ఓవెన్ లేని ఇంట్లో క్రిస్మస్: కొత్తగా వంట పట్టేవాళ్ళకి మూడు వారాల పట్టిక

డిసెంబరులో విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం, టెక్కలి వైపు క్రైస్తవుల ఇళ్ళలో ఒకే పొయ్యి మీద రెండు వంటలు పోటీ పడతాయి. ఒకవైపు కొత్త బియ్యంతో అరిసెలు, పోకుండలు, జంతికలు. మరోవైపు కేకు. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఈ పోటీ గొడవ లేకుండా సర్దుకుంటుంది. ఏది ఎప్పుడు చేయాలో, ఏ నూనెలో ఏది ముందు వేయాలో వాళ్ళకి చెప్పక్కర్లేదు. కొత్తగా కాపురం పెట్టిన జంటకి, ఉద్యోగం మీద వచ్చి అద్దె ఇంట్లో ఉంటున్నవాళ్ళకి, అమ్మ చేతి మీదుగా తినడమే తప్ప గరిటె పట్టనివాళ్ళకి అక్కడే చిక్కు వస్తుంది. అన్నీ 24వ తేదీకి వాయిదా వేస్తారు. ఆ రాత్రి ఆరాధనకి వెళ్ళే వేళకి సగం అరిసెలు నూనెలో విడిపోయి, కేకు మధ్యలో కుంగి, వంటమనిషి కళ్ళు ఎర్రబడి ఉంటాయి.

ఈ వంటల్లో ఏదీ కష్టమైనది కాదు. వాటిని వరసలో పెట్టుకోవడమే అసలు పని. వరస కుదిరితే రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి, ఒక పాత ప్రెషర్ కుక్కర్ ఉంటే చాలు. ఓవెన్ కొనక్కర్లేదు.

ఈ రెండు వంటలూ ఒక బల్ల మీదికి చేరడం వెనక చాలా పాత కథ ఉంది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు 1805లో విశాఖపట్నంలో దిగారు. 1874లో కాకినాడలో మొదలైన కెనడా బాప్టిస్టుల పని తర్వాతి ఏళ్ళలో బొబ్బిలి, శ్రీకాకుళం దాకా పాకింది. మతం మారినా పొలం మారలేదు. క్రిస్మస్ వచ్చేది వరి కోతలు అయ్యే రోజుల్లో. అందుకే సంక్రాంతికి చేసే పిండివంటలే మూడు వారాల ముందు క్రిస్మస్‌కీ వచ్చాయి. ఇక కేకు సంగతి. మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు 1883లో కేరళలోని తలస్సేరిలో మాంబళ్ళి బాపు అనే బేకరీ యజమాని చేశాడని చెబుతారు. మర్డోక్ బ్రౌన్ అనే తోటల దొర సీమ నుంచి వచ్చిన కేకు రుచి చూపించి, అలాంటిదే చెయ్యమంటే, బాపు తన ఊళ్ళో దొరికిన సరుకులతోనే చేసి మెప్పించాడట. మనమూ ఆ దారినే పోదాం. జీడిపప్పు పలాసది, మామిడి తాండ్ర భీమాళిది, కొబ్బరి ఉద్దానానిది, కాఫీ పొడి అరకుది. కేకులో పడాల్సినవి ఇంత దగ్గరలో దొరుకుతుంటే దూరం నుంచి తెప్పించుకోవడం దేనికి?

ముందుగా ఎంత చేయాలో తేల్చుకోండి

మొదటిసారి చేసేవాళ్ళు ఒక కేకు, రెండు తీపి వంటలు, ఒక కారం, పండగ రోజు ఒక భోజనం అనుకోవాలి. అంతకు మించి వద్దు. ఇక్కడ చెప్పే కొలతలు నలుగురున్న ఇంటికి, ఇరుగుపొరుగుకి పంచడానికి, క్యారల్స్‌కి వచ్చే యవ్వనస్తుల చేతిలో పెట్టడానికి సరిపోతాయి. ఎక్కువ కావాలంటే కొలత రెట్టింపు చేయకండి. అదే కొలతతో రెండోసారి చేయండి. కొత్త చేతికి పెద్ద పాకం లొంగదు.

గ్రాముల తూకం ఉంటే మంచిది. లేకపోతే సరుకులు కొన్నప్పుడే దుకాణంలో కావలసినంత తూయించుకుని వేర్వేరు పొట్లాలు కట్టించుకోండి. కేకు విషయంలో కంటి అంచనా పనికిరాదు.

మొదటి వారం: సరుకులు

కేకుకి కావలసినవి:

- మైదా 175 గ్రాములు
- ఉప్పు లేని వెన్న 125 గ్రాములు
- పంచదార పొడి 100 గ్రాములు
- పాకం కోసం పంచదార 60 గ్రాములు
- గుడ్లు 3
- బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా
- ఖర్జూరం 75 గ్రాములు, కిస్మిస్ 75 గ్రాములు
- టూటీ ఫ్రూటీ 50 గ్రాములు, మామిడి తాండ్ర 50 గ్రాములు
- జీడిపప్పు 50 గ్రాములు
- రెండు కమలాపండ్లు
- దాల్చిన చెక్క, లవంగాలు, జాజికాయ, శొంఠి: అన్నీ కలిపి పొడి చేస్తే ఒక చిన్న చెంచా
- వెనిలా ఎసెన్స్ ఒక చిన్న చెంచా

జీడిపప్పు కొనేటప్పుడు గుండు పప్పు అడగకండి. అది ఖరీదు. కేకులో ఎలాగూ తరుగుతాం కాబట్టి బద్దలు, ముక్కలు తీసుకోండి. రుచిలో తేడా ఉండదు, ధరలో ఉంటుంది. పైన అలంకరించడానికి నాలుగైదు గుళ్ళు చాలు. మామిడి తాండ్ర లక్కవరపుకోట మండలం భీమాళిలో చేసేదైతే పులుపూ తీపీ కలిసి ఉంటుంది. టూటీ ఫ్రూటీలో ఉండేది తీపి ఒక్కటే. ఆ తీపికి అడ్డుకట్ట వేసే పులుపు తాండ్ర నుంచే వస్తుంది. అందుకే దాన్ని మానకండి.

అరిసెలకి అర కిలో కొత్త బియ్యం, 350 గ్రాముల బెల్లం, నువ్వులు, నెయ్యి, ఏలకులు. బెల్లం కొట్లో "పాకం బెల్లం" అని అడగండి. పోకుండలు కూడా చేయాలనుకుంటే ఒక కొబ్బరికాయ.

ఇంకో మాట. గ్యాసు బండ ఎంత వరకు వచ్చిందో ఇప్పుడే చూసుకోండి. కుక్కర్లో కేకు గంటన్నర సేపు మంట తింటుంది. పిండివంటల వారంలో బండ మామూలు కంటే ముందే ఖాళీ అవుతుంది. పండగ ముందు బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో చెప్పలేం.

రెండో వారం: గులాబీ పువ్వులు, జంతికలు

సెమీ క్రిస్మస్ కూడికలు, క్యారల్స్ ఈ వారంలోనే జోరందుకుంటాయి. రాత్రి పదింటికో పదకొండింటికో గిటారు, డప్పులతో పాతికమంది గుమ్మంలో నిలబడతారు. వాళ్ళకి పెట్టడానికి డబ్బాలో ఏదో ఒకటి ఉండాలి. గులాబీ పువ్వులు, జంతికలు అందుకే ముందు చేస్తాం. గాలి చొరని డబ్బాలో పది రోజులైనా కరకరలాడుతూ ఉంటాయి.

*గులాబీ పువ్వులు*

1. బియ్యప్పిండి 200 గ్రాములు, మైదా 100 గ్రాములు, పంచదార పొడి 100 గ్రాములు, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి కలపండి. ఒక గుడ్డు కొట్టి పోసి, పావు లీటరు కొబ్బరి పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా కలపండి. దోసెల పిండి కంటే కాస్త జారుగా ఉండాలి. కొబ్బరి పాలు లేకపోతే మామూలు పాలు పోయవచ్చు. అరగంట నాననివ్వండి.
2. పువ్వు గుత్తి కొత్తదైతే ముందు రోజు రాత్రే నూనె రాసి ఉంచండి. కొత్త గుత్తికి మొదటి రెండు మూడు పువ్వులు అంటుకోవడం మామూలే. కంగారు పడకుండా పుల్లతో తీసేసి మళ్ళీ ముంచండి.
3. మూకుడులో నూనె కాగాక గుత్తిని అందులోనే రెండు నిమిషాలు ఉంచి వేడి చేయండి. బయటికి తీసి, నూనె కారనిచ్చి, పిండిలో ముప్పాతిక వంతు మాత్రమే ముంచండి. పిండి పైఅంచు దాటితే పువ్వు గుత్తిని పట్టుకుని ఊడి రాదు. ముంచినప్పుడు చుయ్‌మని చప్పుడు రావాలి. రాలేదంటే గుత్తి చల్లారిందని అర్థం.
4. నూనెలో పెట్టి కొన్ని క్షణాలు ఆగి మెల్లగా కదపండి. పువ్వు జారి తేలుతుంది. రెండో వైపు తిప్పి లేత గోధుమ రంగు రాగానే తీసేయండి. బయటికి వచ్చాక రంగు ఇంకా ముదురుతుంది.
5. ప్రతి పువ్వుకీ ముందు గుత్తిని మళ్ళీ నూనెలో వేడి చేయండి.

*జంతికలు*

నాలుగు గ్లాసుల బియ్యప్పిండికి ఒక గ్లాసు శనగపిండి. వాము, నువ్వులు, ఉప్పు, కారం వేసి, రెండు గరిటెల కాగిన నూనె పోసి కలిపాక నీళ్ళతో ముద్ద చేయండి. పిండి గట్టిగా ఉంటే గొట్టంలోంచి దిగదు. మరీ మెత్తనైతే నూనె తాగుతుంది. మధ్యస్థం మంట మీద నురగ తగ్గేదాకా వేయించండి. నురగ తగ్గిందంటే లోపలి తడి పోయినట్టే.

*నూనె వరస*

మూకుడులో నూనె ఒక్కసారి పోసి అన్ని వంటలకీ వాడుకోవాలంటే వరస ముఖ్యం. ముందు గులాబీ పువ్వులు, ఎందుకంటే వాటికి తేట నూనె కావాలి. తర్వాత జంతికలు. ఈ రెండూ ఒకే పూట అయిపోతే మంచిది. వేగిన నూనె చల్లారాక వడగట్టి మూతపెట్టి ఉంచితే అరిసెలకి పనికొస్తుంది. అరిసెలు ఆఖరున చేయాలి. బెల్లం, పిండి రాలి నూనె నల్లబడుతుంది. ఆ తర్వాత అందులో ఇంకేదీ వేయించకూడదు.

మూడో వారం, 20, 21 తేదీలు: అరిసెలు

అరిసెలు చేయడానికి ఇద్దరుండాలి. ఒకరు వత్తి నూనెలో వేస్తే, ఇంకొకరు తీసి నూనె నొక్కాలి. ఒంటరిగా ఉన్నవాళ్ళు పక్కింటి పిన్నినో, సంఘంలో తెలిసినవాళ్ళనో పిలుచుకోండి. సాయం చేసిన చేతులకి డబ్బా నిండా ఇచ్చి పంపితే సరి.

1. 20వ తేదీ ఉదయం బియ్యం కడిగి నానబెట్టండి. 24 గంటలు నానాలి. మధ్యలో రెండు మూడుసార్లు నీళ్ళు మార్చకపోతే వాసన వస్తుంది.
2. 21 ఉదయం నీళ్ళు వంచి, బియ్యాన్ని గుడ్డ మీద పావుగంట ఆరబెట్టండి. చేతికి తడి తగలాలి, నీళ్ళు మాత్రం కారకూడదు. వెంటనే తడి బియ్యం ఆడే మరకి పట్టుకెళ్ళండి. డిసెంబరు ఆఖరు వారంలో అక్కడ వరస ఉంటుంది, పొద్దున్నే వెళ్ళండి. పిండి జల్లించి, గట్టిగా అదిమి, తడిగుడ్డ కప్పి ఉంచండి. గుప్పెట్లో నొక్కితే ముద్దలా నిలవాలి. ఎండిన పిండితో అరిసె రాదు.
3. మందపాటి గిన్నెలో బెల్లం, అర గ్లాసు నీళ్ళు వేసి కరిగించి, ఇసక, నలకలు పోయేలా వడగట్టండి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి తిప్పుతూ ఉండండి.
4. అరిసె ఎలా వచ్చేదీ పాకంలోనే తేలిపోతుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి రెండు చుక్కలు వేయండి. వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండ కావాలి. నీళ్ళలో చెదిరిపోతే ఇంకా రాలేదు, అలాగే దింపితే అరిసెలు నూనెలో విడిపోతాయి. ఉండని పళ్ళేనికి కొడితే టంగుమంటే ముదిరిపోయింది, అరిసె పళ్ళకి పని చెబుతుంది. పాకం దగ్గరపడే వేళకి ఫోను పక్కన పెట్టేయండి. మెత్తని ఉండకీ గట్టి ఉండకీ మధ్య నిమిషం కూడా ఉండదు.
5. దింపి, నెయ్యి రెండు చెంచాలు, నువ్వులు, ఏలకుల పొడి వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో కలపాలి. పిండి అంతా పట్టాలని లేదు. చపాతీ పిండి కంటే మెత్తగా, గరిటె నుంచి ముద్దగా జారే దశలో ఆపేయండి. చల్లారితే చలిమిడి ఇంకా గట్టిపడుతుంది. పైన నెయ్యి రాసి మూతపెట్టండి.
6. నిమ్మకాయంత ఉండ తీసి, నూనె రాసిన అరటాకు మీదో పాల కవరు మీదో మరీ పలచన కాకుండా వత్తండి. మధ్యస్థం మంట మీద వేయించండి. పొంగి తేలాక తిప్పి, ఎర్రబడగానే తీసి, రెండు చెక్కల మధ్యో రెండు చిల్లుల గరిటెల మధ్యో పెట్టి నూనె పిండేయండి.
7. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి బూజు వస్తుంది.

చలిమిడి మరీ గట్టిగా అయితే రెండు మూడు చెంచాల వేడి పాలు చిలకరించి మర్దించండి. పాలు తగిలిన అరిసెలు ఎక్కువ రోజులు ఉండవు కాబట్టి ముందు వాటినే తినేయాలి. జారుగా అయితే మిగిలిన పిండి కలపండి.

అరిసెలు వత్తడం మరీ చేతకాకపోతే అదే చలిమిడితో పోకుండలు చేయండి. నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు కలిపి, చిన్న ఉండలు చుట్టి, సన్నటి మంట మీద ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించాలి. వీటికి వత్తే పని లేదు, నొక్కే పని లేదు. కొత్తవాళ్ళకి ఇదే తేలిక. నిజానికి ఇంట్లో ముందు ఖాళీ అయ్యే డబ్బా కూడా ఇదే.

ఈ వారంలో రోజువారీ వంట

పిండివంటల మధ్య రోజూ తినే అన్నం, కూర మరచిపోతారు. పిల్లలు జంతికలతో కడుపు నింపుకుంటారు. ఈ వారం వంట చిన్నదిగా ఉండాలి, మానేయకూడదు. రెండు బర్నర్లలో ఒకటి మూకుడుకి పోతుంది, మిగిలిన ఒక్కదాని మీద అయ్యేవే ఎంచుకోండి. పప్పుచారు, అప్పడాలు. ఉల్లిపాయల బెల్లం పులుసు, వేయించిన ఎండుచేప. పొద్దున్నే చోడి (రాగి) అంబలి, మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ. నూనె వాసన మధ్య గంటలకొద్దీ నిలబడేవాళ్ళకి అంబలి కంటే చలవ చేసేది లేదు. కూరగాయలు రెండు రోజులకి సరిపడా ఒకేసారి తరిగి పెట్టుకుంటే సాయంత్రం పని సగమవుతుంది. కేకు చేసే రోజు మాత్రం పొయ్యి గంటన్నర సేపు దొరకదు, భోజనాలయ్యాక మొదలుపెట్టండి.

22 రాత్రి, 23: కేకు

22 రాత్రి ఖర్జూరం చిన్నగా తరిగి, కిస్మిస్ కలిపి, 100 మిల్లీలీటర్ల కమలారసంలో సన్నటి మంట మీద ఐదు నిమిషాలు ఉడికించండి. రసం దాదాపు ఇంకిపోవాలి. చల్లార్చి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రమ్ములో నెలల తరబడి నానబెట్టడం ఒక పద్ధతి. అది మద్యం వల్లే అన్ని రోజులు పాడవకుండా ఉంటుంది. మన సంఘాల్లో చాలా ఇళ్ళ గడప మద్యం దాటదు. అలాగని ఆ నెలల లెక్కని పండ్ల రసానికి వాడకండి, రసం పులిసిపోతుంది. ఉడికించి రెండు మూడు రోజుల్లో వాడేస్తే సరిపోతుంది.

ఇక 23న:

1. ఉదయమే వెన్న, గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి. డిసెంబరు చలికి వెన్న మెత్తబడటానికి ఎక్కువ సేపు పడుతుంది. చల్లని గుడ్డు వెన్నలో పడితే మిశ్రమం విరిగిపోతుంది.
2. ముందు పాకం. మందపాటి చిన్న గిన్నెలో 60 గ్రాముల పంచదార నీళ్ళు లేకుండా కరిగించండి. రాగి రంగు దాటి ముదురు ఎరుపు రాగానే పొయ్యి ఆపి, 60 మిల్లీలీటర్ల వేడి నీళ్ళు చెయ్యి దూరంగా పెట్టి కొద్దికొద్దిగా పోయండి. ఎగిరి చిందుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. గడ్డకట్టినా మళ్ళీ సన్నటి మంట మీద కరుగుతుంది. చల్లార్చండి. నల్లగా మాడితే పారేసి మళ్ళీ చేయండి, చేదు కేకంతా పాకుతుంది. ఈ పని భయమనిపిస్తే 60 మిల్లీలీటర్ల చిక్కటి అరకు కాఫీ డికాక్షన్‌లో అదే పంచదార కరిగించి వాడండి. రంగు వస్తుంది, రుచి మారినా బాగుంటుంది.
3. ఆరు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల ఎత్తున్న అల్యూమినియం గిన్నెకి వెన్న రాసి, అడుగునా చుట్టూ రెండు పొరల బటర్ పేపర్ అంటించండి. గిన్నె కుక్కర్లో పెట్టినప్పుడు చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉండాలి.
4. మైదా, బేకింగ్ పౌడర్, మసాలా పొడి కలిపి రెండుసార్లు జల్లించండి. అందులోంచి రెండు చెంచాలు తీసి పక్కన పెట్టండి.
5. వెన్న, పంచదార పొడి కలిపి తెల్లబడి నురగలా అయ్యేదాకా గిలక్కొట్టండి. చేత్తో అయితే పది నిమిషాలు. కేకు పొంగేది సగం ఇక్కడే, బద్ధకించకండి.
6. గుడ్లు ఒక్కొక్కటిగా వేసి కలపండి. విరిగినట్టు కనిపిస్తే ఒక చెంచా మైదా వేయండి, సర్దుకుంటుంది. చల్లారిన పాకం, వెనిలా కలపండి.
7. మైదాని మూడు విడతల్లో వేసి, గరిటెతో కింద నుంచి పైకి మెల్లగా కలపండి. తెల్లపిండి కనిపించడం ఆగగానే మీరూ ఆగండి. ఎక్కువ కలిపితే కేకు సాగుతుంది.
8. తీసిపెట్టిన రెండు చెంచాల మైదాని ఉడికిన పండ్లు, టూటీ ఫ్రూటీ, తరిగిన తాండ్ర, జీడిపప్పు ముక్కల మీద చల్లి కలిపి, అప్పుడు పిండిలో వేయండి. ఇలా చేయకపోతే పండ్లన్నీ అడుగుకి దిగిపోతాయి.
9. పాత కుక్కర్లో రెండు గ్లాసుల రాళ్ళ ఉప్పు గానీ, కడిగి ఎండబెట్టిన ఇసక గానీ పరిచి, పైన స్టాండు పెట్టండి. మూతకి గాస్కెట్, విజిల్ రెండూ తీసేయండి. ఇది మరచిపోకూడని మాట. నీళ్ళు లేని కుక్కర్‌కి ఆవిరి బిగించే మూత పెట్టకూడదు. మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడి చేయండి.
10. కేకు గిన్నె లోపల పెట్టి, మూత వేసి, మంట బాగా తగ్గించండి. గంట దాటేదాకా మూత తీయకండి. ముందే తీస్తే మధ్యలో కుంగుతుంది. గంటా పావు నుంచి గంటన్నరలో అవుతుంది. మధ్యలో సన్నటి పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.
11. పావుగంట అలాగే వదిలి, తీసి బోర్లించి, పూర్తిగా చల్లార్చండి. బటర్ పేపర్లో చుట్టి డబ్బాలో పెట్టండి. 25న కోయండి. ఈ కేకు చేసిన రోజు కంటే రెండో రోజు మెత్తగా, రుచిగా ఉంటుంది.

ఓవెన్ ఉన్నవాళ్ళు 160 డిగ్రీల వేడిలో ఇంచుమించు అంతే సేపు పెట్టాలి. గుడ్డు తిననివాళ్ళ కోసమైతే మూడు గుడ్ల బదులు ముప్పావు కప్పు గడ్డపెరుగు, అర చెంచా వంటసోడా వేయండి. మైదాలో 50 గ్రాములు తగ్గించి అంత చోడి పిండి వేస్తే రంగు ముదురుతుంది, రుచికి మట్టివాసన లాంటి కమ్మదనం వస్తుంది. ఇది రెండోసారి చేసేటప్పటి ప్రయోగం, మొదటిసారి వద్దు. కేకు కాల్చడానికి వాడిన ఉప్పు కూరల్లోకి పనికిరాదు. సీసాలో పోసి మళ్ళీ కేకుకే దాచుకోండి.

24 సాయంత్రం, 25: భోజనం

క్రిస్మస్ ఉదయం ఆరాధన ముగిసేసరికి మధ్యాహ్నం అవుతుంది. అప్పుడు మాంసం కడగడం మొదలుపెడితే మూడింటికి తింటారు. అందుకే 24 సాయంత్రమే కిలో కోడిమాంసానికి పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు, గరం మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. ఉల్లిపాయలు తరిగి, పుదీనా, కొత్తిమీర ఏరి ఉంచండి.

25న గుడి నుంచి రాగానే ముందు బియ్యం నానబెట్టండి, అవి నానే అరగంటలో మిగతా పని నడుస్తుంది. వేరే కుక్కర్లో నూనె, నెయ్యి, మసాలా దినుసులు, ఉల్లిపాయలు వేయించి, ఊరిన మాంసం వేసి పది నిమిషాలు మగ్గనిచ్చి, బియ్యం కలపండి. గ్లాసు బాస్మతికి గ్లాసున్నర నీళ్ళు. మాంసం నుంచి ఊరిన నీరు కూడా ఆ లెక్కలోదే. గాస్కెట్, విజిల్ బిగించి ఒక్క కూత రానిచ్చి, ఐదు నిమిషాలు సన్నటి మంట మీద ఉంచి ఆపండి. ఆవిరి దానంతట అదే పోయాక మూత తీయండి. పక్కన పెరుగు పచ్చడి చాలు. పలావు, అరిసె, కేకు ముక్క, నాలుగు జంతికలు: ఇదే ఉత్తరాంధ్ర క్రిస్మస్ విస్తరి.

పండగ అయ్యాక ఒక్క పని

26న పుస్తకం తీసి, మీ బెల్లం ఎంత పట్టిందో, మీ మంట మీద కేకు ఎంత సేపు కాలిందో, ఏ డబ్బా ముందు ఖాళీ అయిందో రాసి పెట్టుకోండి. ఈ వ్యాసంలోని కొలతలు ఆరంభానికే. మీ పొయ్యికి, మీ గిన్నెకి సరిపోయే కొలత మీ చేతి రాతలోనే ఉంటుంది. మూడు వారాలు తిరగకుండా భోగి వస్తుంది, పక్కింటివాళ్ళు అరిసెలకి బియ్యం నానబెడతారు. క్రిస్మస్‌కి మీకు సాయపడ్డవాళ్ళకి ఈసారి పాకం చూసిపెట్టడానికి మీరే వెళ్ళండి.